మామ్మ బొట్టు పెట్టిన తుపాకీ

మొన్న ఆదివారం మా తమ్ముడు సూరి విజయనగరంలో మా ఇంటికొచ్చాడు. ఒక చేతిలో స్టీలు డబ్బా నిండా జీడిపప్పు పాకం, చంకలో ప్లాస్టిక్ ఫైలు. డబ్బా మా మరదలు పంపింది, ఫైలు మాత్రం వాడి సొంతం. అరవై దాటిన మనిషి ఎండన పడి ఫైలు పట్టుకొచ్చాడంటే ఏదో ఆఫీసు మీదికి యుద్ధానికి బయల్దేరాడన్నమాటే. రిటైరైన దగ్గర్నుంచీ వాడికి ప్రభుత్వం మీద కోపమే కాలక్షేపం. వాడి అక్కని, నాకేమో రాసుకోవడం కాలక్షేపం. ఎవరి పిచ్చి వారికానందం. మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, "అప్పా, మామ్మ పెట్టె నీ దగ్గరే ఉన్నాది గదా. అందులో తాత తుపాకీ రసీదుంటాది. అది తియ్యి," అన్నాడు.

చీపురుపల్లికి రెండు కోసుల అవతల, మా పాత పొలంలో వాడు జీడి, మామిడి వేసుకుని అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పందులు పడుతున్నాయట. ఎవడో బోరు మోటారు వైర్లు కోసుకుపోయాడట. తుపాకీ లైసెన్సుకి అర్జీ పెడితే, నీకెందుకు తుపాకీ, ఎవరి వల్ల నీకు భయం అని సవాలక్ష అడిగారట. అదీ వాడి రోషం. "దొంగోడు ఎవడి దగ్గరా లైసెన్సు తీసుకోడు. నాను తీసుకుంటానంటే నన్ను దొంగని సూసినట్టు సూస్తారు. రూల్సన్నీ మంచోడికేనేటప్పా?" అన్నాడు. తాతకి లైసెన్సుండేదని రుజువు చూపిస్తే పని తేలికవుతుందని ఎవరో చెప్పారట. నేను మంచం కింద నుంచి మామ్మ పెట్టె లాగి, పాత బట్టల అడుగున చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. వెనక నుంచి వాడు చెప్పుకుపోతున్నాడు. "అన్యాయంగా లాక్కున్నారప్పా. అన్నేళ్ళు మనింట్లో గోడకి ఏలాడింది. ఎవులికైనా ఈగ వాలినంత దెబ్బ తగిలిందేటి?"

నా చెయ్యి పెట్టెలోనే ఆగిపోయింది. కాయితం నా వేళ్ళకి తగులుతూనే ఉంది. కానీ పైకి తియ్యలేకపోయాను. యాభై ఏళ్ళ పైబడి ఎవరికీ చెప్పని ఒక సంగతి ఆ కాయితంతోపాటే బయటికొచ్చేలా ఉంది. వాడు అన్న మాట నిజమే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎందుకు తగల్లేదో మాత్రం వాడికి తెలియదు.

ఆ తుపాకీ మా నడవగదిలో ఉండేది. ఒక పక్క ధాన్యం గాదె, ఒక పక్క చెక్క ఉయ్యాలబల్ల, ఆ రెంటికీ మధ్య గోడకి రెండు కొయ్య మేకులు. ఆ మేకుల మీద అడ్డంగా తుపాకీ. గొట్టం మూతి ఉయ్యాలబల్ల వైపు ఉండేది. అలా ఎందుకు పెట్టారని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అటు తిప్పితే వెనక చెక్క మడమ ఉయ్యాల గొలుసుకి తగులుతుందని ఇటు తిప్పి ఉంటారు. ఆ ఉయ్యాల మీదే మధ్యాహ్నాలు తాత నడుం వాల్చేవాడు, మామ్మ బియ్యంలో రాళ్ళేరేది, పిల్లలం పోట్లాడుకునేవాళ్ళం. ఆ గదిలో కొత్త ధాన్యం దుమ్ము, ఆముదం, మామ్మ చుట్టపొగ కలిసి ఒక వాసన ఉండేది. మా వైపు పాతకాలం ఆడవాళ్ళు అడ్డపొగ పీల్చేవారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, ఇంటి పనంతా చేసుకుపోయేవారు. మామ్మ నోట్లో చుట్ట ఉంటే మాట్లాడేది కాదు, చుట్ట తీస్తే ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు.

అది మూతిలోంచి మందు దట్టించి పేల్చే ఒంటిగొట్టం తుపాకీ. ముందు గొట్టంలో మందు పొయ్యాలి, కొబ్బరి పీచు కుక్కాలి, సీసం గుళ్ళు వెయ్యాలి, మళ్ళీ పీచు కుక్కాలి. ఒక్కొక్కటీ ఇనపకడ్డీతో దట్టించాలి. వెనక సుత్తి కింద చిన్న ముక్కు లాంటిది ఉంటుంది, దానికి సన్నటి కన్నం. ఆ ముక్కు మీద రాగి టోపీ తొడిగి మీట నొక్కితే సుత్తి పడి, నిప్పు ఆ కన్నంలోంచి లోపలికి పోతుంది. ఇదంతా నాకెలా తెలుసంటే, తాత మాకు కథలు చెప్పలేదు, తుపాకీ ఎలా దట్టించాలో చెప్పాడు. మనవరాలికి చెప్పాల్సిన విద్యేనా అని మా అమ్మ వంటింట్లోంచి గొణుక్కునేది. తాత జాగ్రత్త మనిషి. మందు ఉన్న ఎండు ఆనపబుర్ర, గుళ్ళ సంచి గాదె పక్క గూట్లో ఉండేవి, రాగి టోపీలు మాత్రం ఎప్పుడూ తన మొలలో ఉండేవి. దట్టించిన తుపాకీని గుమ్మం దాటి లోపలికి తేకూడదని ఆయన నియమం. పొలంలో దట్టించాలి, పొలంలోనే పేల్చాలి. గోడకున్న తుపాకీ ఎప్పుడూ ఖాళీ. ఈ మాట మేము ఒకటో ఎక్కం కన్నా ముందు నేర్చుకున్నాం.

ఈ నియమానికి ఏడాదికి ఒక్కరోజు మినహాయింపు. దసరాకి ఆయుధపూజ నాడు నాగలి, కొడవళ్ళు, గొడ్డలి, కత్తిపీట అన్నీ కడిగి, నడవగదిలో పీట మీద వరసగా పెట్టి, వాటి తలకాయన తుపాకీ పెట్టేవారు. ఆ ఒక్కపూటా తాత దాన్ని దట్టించి పీట మీద పెట్టేవాడు. పూజయ్యాక పెరట్లోకి తీసుకుపోయి గాల్లోకి ఒక దెబ్బ పేల్చేవాడు. నాకు ఆ చప్పుడు లీలగా గుర్తు. నాకు అయిదారేళ్ళు వచ్చేసరికి తాత కళ్ళకి శుక్లాలు కమ్మాయి. పేల్చడం మానేశాడు. సాయంత్రంపూట తుపాకీ భుజాన వేసుకుని చెరకుతోట గట్టు మీద అటూ ఇటూ నడిచి వచ్చేవాడు, అంతే. పందుల్ని తోలేది డబ్బా చప్పుడు, పేరు తుపాకీది. దసరాకి మాత్రం పూజ మామూలే. మామ్మ తడికుంకం తీసి సుత్తి కింద ముక్కు మీద దిట్టంగా బొట్టు పెట్టేది. అదే తుపాకీకి నుదురని ఆవిడ లెక్క. ఏ ఏటి బొట్టు మీద ఆ ఏటి బొట్టు పడి అక్కడ ఎర్రగా పెచ్చు కట్టింది.

నేను ఎనిమిదో తరగతి చదివే రోజులు. అరవైల చివర. కొండల వైపు గొడవలు మొదలయ్యాయని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ కార్తీకమాసంలో ఒక ఉదయం ఊళ్ళో టముకేశారు. లైసెన్సు ఉన్నా సరే, ఎవరింట్లో తుపాకీ ఉంటే వాళ్ళు వారం లోపల స్టేషన్లో అప్పజెప్పాలి, లేకపోతే కేసు. తాత అరుగు మీద పళ్ళు తోముకుంటున్నవాడు వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని అలా నిలబడిపోయాడు. తన పెళ్ళినాటి నుంచీ ఉన్న వస్తువు. ఊళ్ళో రెండే తుపాకులు, అందులో ఒకటి ఆయనది. మనిషిని లాగి లెంపకాయ కొట్టినా అంత తెల్లబోయేవాడు కాదేమో.

ఆ సాయంత్రం అరుగు మీద జరిగిన వాదన నాకు మాట మాటా గుర్తుంది. మా నాన్న చీపురుపల్లిలో బడిపంతులు. రూలంటే రూలే అనే మనిషి, సైకిలుకి దీపం లేకుండా సాయంత్రం దాటాక ఎక్కేవాడు కాదు. "లైసెన్సు అంటేనే వాళ్ళిచ్చింది. ఇచ్చినోళ్ళు అడిగితే ఇచ్చీడమే నాన్నా," అన్నాడు.

"తుపాకీ నాను కొనుక్కున్నాను. ఆలిచ్చింది కాయితం. కావాలంటే కాయితం పట్టుకుపొమ్మను," అన్నాడు తాత. "పంది నా సేలో పడితే సర్కారొచ్చి తోలతాదేటి? దొంగతుపాకులు కొండల్లో ఉన్నాయని తెలుసు గదా, అక్కడికెల్లి పట్టుకోమను. కనబడినోడిది, పేరు రాయించుకున్నోడిది లాగుతారేటి? ఎవుడు మాటింటే ఆడి మీదేనేటి పెత్తనం?"

"గొడవలొచ్చినప్పుడు ఇంట్లో ఉన్న తుపాకీయే ముందు దొంగిలిస్తారు. అప్పుడు దాంతో ఎవుణ్ణి సంపినా నీ పేరే వస్తాది," అన్నాడు నాన్న.

తాత అటూ ఇటూ చూశాడు. అరుగు కింద సింహాచలం కొడవలి నూరుకుంటున్నాడు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో పాలికాపు, తాతకి కుడి భుజం. "ఒరే సింహాచలం, నువ్వు సెప్పరా. మన తుపాకీ వల్ల ఈ ఊరికి మంచే గాని సెడ్డ జరిగిందేటి?" అని అడిగాడు. సింహాచలం తల ఎత్తలేదు. నూరుతూనే అన్నాడు. "నానేటి సెప్తాను బాబూ. మీరు మంచోళ్ళే. గాని మీరు తుపాకేసుకుని గట్టు మీద తిరిగే యేల మా ఆడోళ్ళు ఆ దారంట రారు. సుట్టు తిరిగొస్తారు. మీకు కల్లు ఆనవు. పందనుకుని కొట్టీసినారంటే మేం ఎవులికి సెప్పుకుంటాం?"

ఆ కొడవలి రాపిడే వినపడింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా తాత మా తాతే గదా, ఆయన్ని చూసి ఎవరైనా భయపడతారని నాకు ఆ క్షణం దాకా తెలియదు. సింహాచలం పెళ్ళాం రోజూ మా పెరట్లోకి వచ్చేది, మా మామ్మ దగ్గర చుట్టాకు అడిగి తీసుకునేది. ఆవిడ మా తోట గట్టు చూసి చుట్టు తిరిగి వెళుతుందట. తాత ఉత్తరీయం తీసి మొహం తుడుచుకుని, "ఇన్నాల్లు సెప్పలేదేటిరా," అన్నాడు. సింహాచలం, "మీరు అడగలేదు గదా బాబూ," అన్నాడు. మర్నాడు పొద్దున్నే బండి కట్టమని తాతే చెప్పాడు.

నాన్నకి బడి ఉంది. తాతకి కళ్ళు ఆనవు. స్టేషన్లో ఏ కాయితం మీద ఏం రాశారో చదివి చెప్పడానికి నన్ను తీసుకెళ్ళారు. తుపాకీకి మామ్మ పసుపురాసి, పాత జరీపంచె చుట్టి, బండిలో గడ్డి మీద పడుకోబెట్టింది. కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది. దారి పొడుగునా ఎద్దుల గంటలు, పంచె మూటలోంచి కొబ్బరినూనె వాసన. తాత ఆ మూట మీద చెయ్యి వేసి తలొంచుకు కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "సింహాచలం పెళ్ళాం పేరేటే?" అని అడిగాడు. చెప్పాను. అన్నేళ్ళుగా రోజూ మా పెరట్లోకి వచ్చే మనిషి పేరు ఆయనకి తెలియదు.

స్టేషను వరండాలో తుపాకులు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. కొన్నింటికి దండలు కూడా ఉన్నాయి. హెడ్డు కానిస్టేబులు పెద్ద మనిషి, నెమ్మది గొంతు. "ఖాళీయే గదా నాయుడుగారూ?" అని అడిగాడు. "ఏడేల్లయి పేల్చలేదు బాబూ. నా ఇంట దట్టించిన తుపాకీ ఉండదు," అన్నాడు తాత, కొంచెం గర్వంగానే. అయినా ఆయన ఇనపకడ్డీ తీసి గొట్టంలోకి జారవిడిచాడు. ఖాళీ గొట్టమైతే కడ్డీ చివరిదాకా దిగి, అడుగున ఇనుముకి తగిలి టంగుమనాలి. టంగుమనలేదు. మెత్తగా ఏదో తగిలి ఆగింది. జానెడున్నర కడ్డీ బయటే ఉండిపోయింది. ఆయన నవ్వు పోయింది. తుపాకీని మెల్లిగా అవతలికి తిప్పి, అక్కడున్న వాళ్ళందర్నీ వెనక్కి జరగమన్నాడు.

కడ్డీ చివర మరమేకు బిగించి, గొట్టంలోంచి తోడడం మొదలెట్టారు. ముందు కొబ్బరి పీచు వచ్చింది. తర్వాత మూడు సీసం గుళ్ళు దొర్లాయి. మళ్ళీ పీచు. ఆ వెనక నల్లటి మందు. అయిపోయిందనుకున్నాం. మళ్ళీ పీచు వచ్చింది, మళ్ళీ మూడు గుళ్ళు, మళ్ళీ మందు. అలా వస్తూనే ఉంది. ఒక్కో పీచు ముద్దకి పసుపూ కుంకమూ అంటుకుని ఉన్నాయి. హెడ్డు ఒక్కో దట్టింపునీ నేల మీద వేరు కుప్పగా పెడుతుంటే నేను లెక్కపెట్టాను. ఏడు. తాత కళ్ళు ఆనక వంగి వంగి చూస్తూ, "ఏటే అది, ఏటే అది," అని నన్నే అడుగుతున్నాడు.

హెడ్డు చిటికెడు మందు గచ్చు మీద పోసి అగ్గిపుల్ల గీశాడు. బుస్సుమని మంట లేచింది. ఆ వాసన నా ముక్కుకి తగిలింది. దీపావళి వాసన. ఆయన ఒక పిన్నీసు తీసి సుత్తి కింద ముక్కుని గీకాడు. ఎర్రటి పెచ్చు ఊడి పడింది. "ఈ కుంకం పెచ్చు కన్నానికి అడ్డం పడింది గనక బతికిపోయారు. ఈ పెచ్చు లేనప్పుడు ఎవడన్నా దీని మీద నిప్పురవ్వ పడేసి ఉంటేనా, ముందున్నోడూ ఉండడు, వెనకున్నోడూ ఉండడు. గొట్టమే పేలిపోయేది," అన్నాడు. నేను వరండా చివరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. బండి కుదుపుకి పిల్లకి తిప్పిందనుకున్నారు అందరూ. తాత తన ఉత్తరీయంతో నా మూతి తుడిచాడు.

బండి కుదుపు కాదు. దీపావళి వెళ్ళి అప్పటికి పది రోజులే. మా పిల్లలకి నాన్న ఆటతుపాకీ కేపులు కొన్నాడు, ఎర్ర కాయితం మీద మందు చుక్క పెట్టిన చిన్న బిళ్ళలు. ఆటతుపాకీ ఒక్క రోజులో విరిగిపోయింది, బిళ్ళలు మిగిలాయి. మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా కళ్ళంలో ఉన్నారు. సూరికి ఆరేళ్ళు. ఉయ్యాలబల్ల మీద నాలుగు కాళ్ళ మీద వంగి పందిలాగా గురగురమంటున్నాడు. "నన్ను పేల్చప్పా, నన్ను పేల్చు," అంటున్నాడు. నేను బియ్యం డబ్బా ఎక్కి, ఎర్ర బిళ్ళని ఉమ్మితో తడిపి ఆ ముక్కు మీద అంటించి, రెండు బొటనవేళ్ళతో సుత్తి వెనక్కి లాగాను. గోడకున్న తుపాకీ ఎప్పుడూ ఖాళీ గదా. మేకు మీదే మూతిని కొంచెం కిందికి దించి, వాడి తల వైపు సర్ది, మీట నొక్కాను. టప్పుమని బిళ్ళ పేలింది. వాడు చేతులు బారజాపి, నాలిక బయటపెట్టి, ఉయ్యాల మీద చచ్చిపోయాడు. ఎంత నవ్వుకున్నామో. ఇంకో బిళ్ళ పెడదామనుకుంటే మామ్మ వస్తున్న అలికిడైంది.

ఏడు దసరాల మందు, ఇరవై ఒక్క గుళ్ళు. తిరుగుదారిలో బండిలో కూర్చుని నేను అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. ఇంటికి చేరేసరికి గుమ్మంలో సూరి ఎదురొచ్చి, తెచ్చిన మరమరాల పొట్లం లాక్కుని పారిపోయాడు. వాడి తల వెనక భాగం చూస్తూ నేను అలాగే నిలబడ్డాను.

తాత కాళ్ళు కూడా కడుక్కోకుండా, "ఒసే, తుపాకీలో మందెవులు పోసినారే?" అని మామ్మని అడిగాడు. మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నానే పోసినాను. ఏటిప్పుడు?" అంది. ఆవిడ గొంతులో తడబాటేమీ లేదు. "మీరు పేల్చడం మానీసినారు. పీట మీద ఒట్టి ఆయుధం పెట్టీసినారు. కాలీ ఆయుధానికి పూజ సేస్తారేటెక్కడైనా? కాలీ గిన్ని ఎవులింటికైనా తిరిగిస్తారేటి? అందికని పూజకి ముందు చిటికెడు మందు, మూడు గుల్లు, కొబ్బరికాయ పీచూ ఏసి ఉంచినాను. మీరు సేసినట్టే సేసినాను." ఏడాదేడాదికీ తీసెయ్యాలని ఎందుకు తోచలేదంటే, పూజలో పెట్టింది ఎవరైనా బయటికి తీస్తారా. ఇంట్లో ఏ గిన్నె తిరిగి ఇచ్చినా అడుగున నాలుగు బియ్యం గింజలో, బెల్లం ముక్కో వేసి ఇచ్చే చెయ్యి అది. ఆ చెయ్యే వేసింది.

"గొట్టం పేలిపోయేదన్నాడే ఆడు. మొన్న సంకురాత్రి ముందు పందొస్తే దట్టించి పేల్చీద్దామని తీసినాను. కల్లానక మానీసినాను," అన్నాడు తాత మెల్లిగా. అప్పటికి గాని మామ్మకి అర్థం కాలేదు. ఆవిడ చేతిలో చుట్ట కింద పడింది. ఉయ్యాలబల్ల పట్టుకుని కూర్చోబోయి, తల ఎత్తి గోడకున్న ఖాళీ మేకులు చూసి, ఉయ్యాల మీద కూర్చోకుండా నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఆ పూట ఎవరికీ అన్నం పెట్టలేదు, మా అమ్మే పెట్టింది. నేను నా సంగతి చెప్పబోయి మామ్మ మొహం చూసి మింగేశాను. అప్పుడు మింగింది ఇన్నేళ్ళు బయటికి రాలేదు.

నాన్న మాత్రం ఊరుకోలేదు. "సూసినావా నాన్నా, సర్కారు రూలు మన మంచికే వచ్చింది," అన్నాడు. తాతకి కోపం వచ్చింది. "సర్కారుకి నా మంచి తెలిసి తీసుకున్నాదేటి? ఆల భయానికి ఆలు తీసుకున్నారు. ఆలు సేసింది తప్పే. ఆ తప్పు వల్ల మనం బతికినాం. రెండూ నిజమేరా," అన్నాడు. నేను ఆ తర్వాత ఎన్నో పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాను, చట్టమూ స్వేచ్ఛా గురించి. మట్టి కాళ్ళతో నిలబడి ఆయన అన్న ఆ మాటని ఎవరూ దాటలేదు. కొన్నాళ్ళకి గొడవలు సద్దుమణిగాక ఊళ్ళో రెండో తుపాకీ ఉన్న ఇంటివాళ్ళు అర్జీ పెట్టి తమ తుపాకీ తెచ్చుకున్నారు. తాత వెళ్ళలేదు. రసీదు మామ్మ చేతికిచ్చి పెట్టెలో పెట్టమన్నాడు. ఎందుకు తెచ్చుకోలేదని అడిగిన వాళ్ళకి, "నాకు కల్లానవు," అని చెప్పేవాడు. సాయంత్రంపూట మాత్రం అదే గట్టు మీద ఒట్టి చేతుల్తో నడిచేవాడు. సింహాచలం పెళ్ళాం గంప నెత్తిన పెట్టుకుని ఎదురొస్తే పేరు పెట్టి పిలిచి, పక్కకి తప్పుకునేవాడు.

ఇదంతా మొన్న సూరికి చెప్పాను. చీర మడతల్లోంచి రసీదు తీసి వాడి ముందు పెట్టి, ఏడు దట్టింపులూ, మామ్మా, తాతా అంతా చెప్పుకొచ్చాను. పెద్దవాళ్ళు ఇంట్లో గుట్టుగా ఉంచారు గనక ఆ దట్టింపు సంగతి వాడికి తెలియదు. నోరెళ్ళబెట్టి విన్నాడు. తర్వాత తేరుకుని, "అయితే ఏటప్పా, ఇప్పుడు తుపాకులు అలగుండవు. తాళం ఏసి బీరువాలో పెడతాను. మామ్మ తెలివితక్కువకి నన్ను శిచ్చిస్తావేటి?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. ఒంటరి తోటలో ఉంటున్న మనిషి భయం వాడిది, నేను టౌనులో వీధిదీపం కింద కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. పైగా తాత కూడా జాగ్రత్త మనిషే. దట్టించింది గుమ్మం దాటనివ్వని మనిషి. ఆయన నియమానికి లోటు లేదు, ఆయన ఇంట్లో ఇంకో అయిదుగురం ఉన్నాం, అదీ సంగతి. సూరి కొడుకూ కోడలూ ఉద్యోగాలకని వైజాగులో ఉంటారు, వాళ్ళ పిల్లవాడు సూరి దగ్గరే పెరుగుతున్నాడు. వాడికిప్పుడు ఆరేళ్ళు. ఫోన్లో తుపాకులాట ఆడుతూ, నేను వెళ్ళినప్పుడల్లా నన్ను కాల్చి, చచ్చిపొమ్మంటాడు. చచ్చిపోకపోతే ఒప్పుకోడు.

"ఒరే, ఇంకోటుంది," అన్నాను. ఎర్ర బిళ్ళ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడి మొహం చూడలేదు, గోడకున్న క్యాలెండరు చూశాను. చెప్పడం అయ్యాక వాడు తిడతాడనుకున్నాను. "నాకు గురుతున్నాదప్పా," అన్నాడు.

నేను గిర్రున తిరిగి చూశాను.

"నాను పందినయ్యేను. నువ్వు పేల్చినావు. నాను సచ్చిపోయేను. నువ్వు పగలబడి నవ్వినావు." వాడు మజ్జిగ గ్లాసు తీసి రసీదు మీద పెట్టాడు. "ఆ తుపాకీ అంటే నాకు అదే గురుతు. చిన్నప్పటి ఆటల్లో నాకు బాగా ఇష్టమైంది అదే. మనవడికి కూడా అది సెప్పినాను. ఆడు, నాకూ సూపించు తాతా, నాకూ సూపించు అంటాడు. సగం అందుకే..." అని ఆగిపోయి, తల వెనక చెయ్యి పెట్టుకుని తడుముకున్నాడు. నేను గురి పెట్టిన చోటే. అక్కడ ఇప్పుడు జుట్టు లేదు, బట్టతల. యాభై ఏళ్ళకి పైగా నన్ను నిద్ర లేపి కూర్చోబెట్టిన మధ్యాహ్నమే వాడికి ముద్దు జ్ఞాపకమని నాకు అప్పుడే తెలిసింది.

బస్సు వేళైంది. వాడు ఫైలు సర్దుకున్నాడు, రసీదు మాత్రం మజ్జిగ గ్లాసు కింద అలాగే ఉంది. లైసెన్సు సంగతి వాడూ అనలేదు, నేనూ అడగలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి వాడు తెచ్చిన స్టీలు డబ్బా ఖాళీ చేసి, కడిగి తుడిచి, అలవాటు చొప్పున బెల్లం సీసా మూత తీశాను. వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా చేతిలో బెల్లం ముక్క చూసి, డబ్బా చూసి, మెల్లిగా అన్నాడు.

"వద్దప్పా. కాలీగానే ఇచ్చీ."

నా జన్మలో మొదటిసారి ఒక ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చాను. వాడు దాన్ని అందుకుని, మూత తీసి, లోపలికి ఒకసారి చూసుకుని, మూత పెట్టుకుని వెళ్ళాడు.